ఎర్మెలిందా బ్రేకు

వాల్పరైసో కొండ మీద మా వీధికి
నూట అరవై ఒక్క మెట్లు, ఒక కుక్క.
మెట్లు ఎవరి సొంతమూ కావు, కుక్కా అంతే.
కపితాన్ అని పిలిచేవాళ్లం.
పొద్దున్నే గ్యాస్ మనిషి
సిలిండర్ల మీద కడ్డీతో కొట్టుకుంటూ వస్తే
వాడి వెనకే మొరుగుతూ మెట్లన్నీ ఎక్కేది.

మార్చిలో ఒక రాత్రి
డెబ్భయ్యో మెట్టు మీద, నోట నురగతో పడి ఉంది.
రొట్టెల బట్టీ నుంచి వస్తూ నేనే చూశాను.
వేళ్లకి పిండి ఇంకా ఆరలేదు.
ఆ వేళ్లతోనే వీధి గ్రూపులో రాశాను:
"ఇది బెలార్మినో పని.
చేపల బుట్ట జోలికొస్తే విషం పెడతానన్నాడు. విన్నాను."

విన్న మాట నిజమే.
రెండేళ్ల కింద, నవ్వుతూ అన్నాడు.
నవ్వుని రాయలేదు నేను.

గోటితో మొదలైంది, కొండంతయింది.
అందరూ తలో వేలూ వేశారు.
నిప్పు లేనిదే పొగ రాదన్నాడు మందుల షాపు అబెలార్దో.
మా కొండ మీద పొగకి నిప్పెందుకు,
తెల్లారేసరికి సముద్రమే పంపిస్తుంది కదా.
ఆ మాట అప్పుడు తట్టలేదు.
ఎవరో అతని నీలం తలుపు ఫోటో పెట్టారు.
ఇంకెవరో, నాలుగింటికి రేవుకి బయల్దేరతాడని రాశారు.
అంతే, ఇంకేం రాయలేదు.
దాని కింద పదకొండు బొటనవేళ్లు లేచాయి.
ఒకటి నాది.

ఎర్మెలిందా ఓయార్సున్
ముప్పై ఒక్క ఏళ్లు కొండ లిఫ్టుకి బ్రేకు పట్టిన మనిషి.
ఒకే తాడుకి రెండు పెట్టెలు.
ఇది ఎక్కాలంటే అది దిగాలి.
లిఫ్టు మూతపడ్డాక గ్రూపు ఆమెకి అప్పగించాం,
ఇంకెవరికీ తీరిక లేక.

ఒంటిగంటా నలభైకి గ్రూపు మూగబోయింది.
ఎవరి మాటా చెరపలేదు, ఎవర్నీ బయటికి నెట్టలేదు.
చివర ఒక్క ముక్క, ఆమెది:
"పెట్టె మధ్యలో ఆగింది. ఎవరూ దూకొద్దు."

కాసేపటికి నా తలుపు చప్పుడైంది.
రాత్రి గౌను మీద ఎవరిదో మగవాళ్ల కోటు, ఆయాసం.
తిడుతుందనుకున్నాను.
"నువ్వు రాసింది పైకి చదువు," అంది, "కళ్లద్దాలు తేలేదు."
అద్దాలు ఆమె మెడలోనే వేలాడుతున్నాయి.
"బెలార్మినో పని" దాకా గొంతు బాగానే వచ్చింది.
"విన్నాను" దగ్గర ఆ నవ్వు అడ్డం పడింది.

మంచినీళ్లు తాగి గ్లాసు తనే కడిగింది.
"గట్టిగా లాగితే తాడు తెగుతుంది.
లాగకపోతే కింద గోడ ఆపుతుంది.
మధ్యలో కాస్త చోటుంటుంది,
నా జీతం దానికే ఇచ్చారు."

నాలుగింటికి నీలం తలుపు దగ్గరికి దిగాం.
మాకన్నా ముందే ఇద్దరు కుర్రాళ్లు, జేబుల్లో చేతులు.
ఆమె వాళ్లని పేర్లు పెట్టి పిలిచింది,
వాళ్ల అమ్మల మోకాళ్ల నొప్పులు అడిగింది.
లేచి, దుమ్ము దులుపుకుని పోయారు.

బెలార్మినోది మీటల ఫోను.
అతనికి గ్రూపూ తెలీదు, పదకొండు వేళ్లూ తెలీవు.
మొత్తం నా నోటితో నేనే చెప్పాల్సొచ్చింది.
ఫోటో సంగతి, నాలుగింటి సంగతి, నవ్వు సంగతి.
అంతా విని ఒకటే అడిగాడు:
"కపితాన్ పోయిందా?"
బుట్ట ఎత్తుకుని మెట్లు దిగిపోయాడు.

విషం ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలీదు.
బెలార్మినో నాకు చేపలమ్ముతాడు.
చిల్లర చేతిలో పెట్టడు,
తడి బల్ల మీద పెడతాడు, ఏరుకుంటాను.

రాత్రిళ్లు రాసింది ముందు వంటింట్లో పైకి చదువుతున్నాను.
వినేది కెటిల్ ఒక్కటే.
చాలా వరకు చెరిపేస్తాను.
అన్నీ కాదు.
నిన్న ఒకటి పంపేశాను.