ఊపిరి లెక్క

ఇన్వర్‌కార్గిల్‌లో, వాన అడ్డంగా కురిసే వీధి చివర
మా షెడ్డు.
కోర్టు పంపిన బళ్లకు
ఊపిరి తాళాలు బిగించడం నా పని.

స్టీరింగు పక్కన నల్లటి పెట్టె, దానికో పొట్టి గొట్టం.
గట్టిగా ఊదాలి, ఊదుతూనే గొంతులో మూలగాలి.
మందు వాసన తగలకపోతేనే
ఇంజను పలుకుతుంది.

లాక్లన్ టెయిట్ మే నెలలో వచ్చాడు.
గొర్రెల లారీ తోలేవాడు. ఇప్పుడు లారీ లేదు.
పాత హైలక్స్, సీటు నిండా కుక్క వెంట్రుకలు,
నాలుగు మడతల కోర్టు కాయితం.
రౌండబౌట్‌లో పూలమొక్కలు పాడయ్యాయి, అంతే, అన్నాడు.
కాసేపాగి,
అవతలి కారులో పిల్లాడున్నాడు, వాడికేం కాలేదు, అన్నాడు.
ఏం కాలేదు, అని మళ్లీ అన్నాడు
నేను అడగకుండానే.

జరిమానా కట్టాడు. పెట్టెకి అద్దె కట్టాడు.
షరతు అచ్చేసిన కొత్త లైసెన్సుకీ రుసుము కట్టాడు.
అంతా దండగ, అన్నాడు.
స్క్రూలు బిగించేవాడికి నీతులెందుకని
ఊరుకున్నాను.

నెలకోసారి పెట్టెలోంచి లెక్క దించుకుంటాను.
ఎప్పుడు ఊదాడు, ఎంత వచ్చింది, బండి ఎటు పోయింది.
ఒక మనిషిని వాడి ఊపిరిలోంచి చదవడం
కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

జూన్: పొద్దున ఆరూ పది, సున్నా.
సాయంత్రం ఐదున్నర, సున్నా.
రెండుసార్లు ఎరుపు. మౌత్‌వాష్, అన్నాడు.
అందరూ అదే అంటారు.

జూలైలో మాత్రం
రాత్రి మూడింటికొక ఊపిరి.
సున్నా. బండి కదల్లేదు.
మర్నాడు మూడుంపావుకి. సున్నా. కదల్లేదు.
ఆ నెల పంతొమ్మిది రాత్రులు
మంచు పేరుకున్న బండిలోకి వచ్చి కూర్చుని
ఊది, చూసుకుని,
లోపలికి పోయి పడుకున్నాడు.
కెమెరా తీసిన ఫొటోలున్నాయి:
దుప్పటి కప్పుకుని, జుట్టు రేగి, పెదాల మధ్య గొట్టం.
ఒకదాంట్లో కుక్క కూడా ఉంది,
అదీ అంకె వైపే చూస్తోంది.

అడగలేదు. ఫారంలో ఆ గడి లేదు.

ఏడాది తిరిగింది. విప్పించుకోడానికి వచ్చాడు.
తీగలు కత్తిరిస్తుంటే పక్కనే నిలబడి
దీన్ని ఇలాగే ఉంచుకుంటే నెలకెంత, అన్నాడు.
శిక్ష అయిపోయిందిగా, అన్నాను.
తెలుసు, అన్నాడు.
ఆ ప్లాస్టిక్ గొట్టం ఇచ్చేశాను. జేబులో వేసుకున్నాడు.

ఆ శుక్రవారం షెడ్డు మూసేముందు
మేం నలుగురం ఎప్పుడూ తాగేవే తాగాం.
అందరూ వెళ్లాక
బల్లమీద మిగిలిన అతని పెట్టెకి కొత్త గొట్టం తొడిగి
ఊదాను. మూలిగాను.

తెర ఎర్రబడింది.

నా లైసెన్సు మీద ఏ షరతూ లేదు.
బండి తాళాలు మేకుకి తగిలించి
కోటు గుండీలు మెడదాకా పెట్టుకున్నాను.
ఇల్లు నాలుగు కిలోమీటర్లు.
గాలి ఎదురు.