బొట్టు కింద దీపం

నీళ్లు చదవడం నా పని.
పాకల నుంచి కరేడు దాకా
ఏ రొయ్యల చెరువు గట్టున ఆగినా
సీసాలో పట్టి, చుక్క మందు వేసి
రంగు తిరిగేలోపే చెప్పేస్తాను
అమ్మోనియా పెరిగిందనో, ఉప్పు తగ్గిందనో.

ఈ కారు మాత్రం కొన్న రోజే
దీపాలన్నీ ఒక్కసారి వెలిగించి ఆర్పేసింది,
హాజరు పిలిచి, జవాబు వినకుండానే
పుస్తకం మూసేసిన అయ్యవారిలా.

సెకండ్ హ్యాండు. ఏపీ ఇరవై ఏడు.
గడియారం నలభై నిమిషాలు ముందు.
సీటు బాగా వెనక్కి, ఎవరో పొడుగుమనిషిది.
తాళం తిప్పినప్పుడల్లా తెర మీద
పెంచల్ ఫోన్ కోసం వెతుకుతుంది,
కాసేపు చూసి, దొరక్క, ఊరుకుంటుంది.
మీటర్ల మధ్య పావలా అంత ఎర్రటి స్టిక్కర్ బొట్టు.
ఆయుధపూజ నాడు పెట్టుంటార్లే,
తీయడమెందుకు అనుకున్నాను.

రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం,
ఉలవపాడు మామిడి బుట్టల పక్కన ఆపి
కాయ బేరమాడి వచ్చేసరికి
జిగురు కరిగి బొట్టు సీట్లో పడుంది.
అది ఉన్నచోట
కుళాయి తగిలించిన పెట్టెలాంటి బొమ్మ
పసుపు పచ్చగా.
ఎన్నాళ్ల నుంచి వెలుగుతోందో.

సింగరాయకొండ వంతెన కింద సుభాని
బానెట్టు ఎత్తకముందే నవ్వాడు.
"బల్బు పోతే మారుస్తాం మేడం,
అది చెప్పేది ఇనకపోతే ఏం మార్చేది?"
నూనెగుడ్డతో చేతులు తుడుచుకుని
నాకు అక్షరాలు దిద్దించాడు.

కొమ్ముచెంబు బొమ్మ ఆయిలు.
అది ఎర్రగా వెలిగితే
ముహూర్తం దాటిపోతున్నా సరే, ఆగాల్సిందే.
నీళ్లలో సగం మునిగిన తాళంచెవి వేడి.
"ఆగి చల్లారనీండి. మూత మాత్రం తీయబాకండి,
అన్నం కుండ కాదది, మొహాన కొడతది."
గుర్రపు లాడం లోపల ఆశ్చర్యార్థకం టైరు గాలి,
పొద్దున్నే, రోడ్డు కాలకముందే చూసుకోవాలి.
పసుపైతే వెనకనుంచి పిలిచినట్టు.
ఎరుపైతే చెయ్యి పట్టుకుని లాగినట్టు.

పుల్ల నన్నే లాగమన్నాడు.
తుడిచి, ముంచి, మళ్లీ లాగాను.
రెండు గీతల మధ్య ఉండాలంట నూనె,
కింది గీతకే అందలేదు.
నల్లగా, చిక్కగా, మాడు వాసన.
అడుగు నల్లబడితే ఏమవుతుందో
చెరువుల దగ్గర తిరిగేదానికి
ఒకరు చెప్పాలా?

"పైన మెరిపిస్తే సరిపోదు మేడం,
ఉప్పుగాలి కిందనుంచి తింటది.
నెలకోసారి అడుగున మంచినీళ్లు కొట్టండి"
అంటూ బండి కిందకి దూరి, అక్కణ్ణుంచే అన్నాడు:
"పెంచలయ్య బండి గదా ఇది.
తెల్లమచ్చ తగిలి రెండు పంటలు పోయినాయి పాపం.
సెన్సారు మార్చాలంటే నాలుగు వేలన్నా.
రేపొస్తానన్నాడు."

నేనేం మాట్లాడలేదు.
ఆ రొయ్యలు మా ల్యాబుకే వచ్చుంటాయి.
పాజిటివ్ అని రాసి, సంతకం పెట్టి,
రసీదు చింపి చేతికిచ్చి
తరవాతెవరు అని పిలిచుంటాను.
ఆర్పలేని దీపం మీద
ఇంట్లో ఆవిడ అట్టలోంచి ఒక బొట్టు తీసి
అంటించుకున్నాడు మనిషి.
చూడకుండా ఉండటానికి
అంతకంటే చౌకైనదేం దొరుకుతుంది?

సెన్సారు మార్పించాను. కొత్త ఆయిలు పోయించాను.
సీటు ముందుకు జరుపుకున్నాను.
గుండ్రటి మీట నొక్కి పట్టుకుని
గడియారాన్ని నలభై నిమిషాలు వెనక్కి తెచ్చాను.
"ఆ ఫోను పేరు కూడా తీసేయమంటారా?"
వేలు తెర మీదే ఉంచి అడిగాడు సుభాని.

ఈ పొద్దు ఐదున్నరకి గాలి చూపించి
కరేడు వైపు తిప్పాను.
దీపాలన్నీ వెలిగాయి. ఒక్కోదాన్నీ పేరుతో పిలిచాను,
ఒక్కోటీ ఆరిపోయింది.
తర్వాత కారు ఎప్పట్లాగే
పెంచల్ ఫోన్ కోసం వెతికింది.
వెతకనిచ్చాను.