పీటముడి

ఎల్బె నది మలుపులో ఆ రాతిబురుజు పేరు ష్వైగర్.
మౌని అని అర్థం మా వైపు.
వందేళ్ళుగా ఎందరు ఎక్కి దిగినా
ఎవరి గురించీ ఎన్నడూ నోరు జారలేదు.

ఉత్తరం ముఖాన ఉన్నది అప్పులవాడి దారి.
ఎవరో మిల్లువాడు, బాకీలకు జడిసి
ఉత్త కాళ్ళతో పాకిపోయాడట.
కింద రెండు రోజులు కాపు కాసి
మూడోనాడు వాళ్ళే జాలిపడి
రొట్టె ఉందిరా, దిగు, అన్నారట.

ఇక్కడ ఇనుప మేకులు దిగ్గొట్టకూడదు,
అరచేతికి సుద్దపొడి అంటకూడదు.
తాతలనాటి ఉంగరాలు రెండు, అంతే.
మిగతాదంతా ముడి:
తాడుకు ముడేసి, పగుల్లోకి దోపి,
చెక్కపుల్లతో కుక్కి
దాని మీద ప్రాణం పెట్టడం.

వీలాండ్ కుర్చీలు చేసే వడ్రంగి.
సంచిలో చిటికెన వేలంత ముడి నుంచి
పిడికిలంత ముడి దాకా.
అన్నిటికంటే పాతది వాళ్ళ మేనత్త ఇర్మ్‌ట్రౌట్‌ది,
మేజోళ్ళ ఫ్యాక్టరీలో వారమంతా సూదులు లెక్కపెట్టి
ఆదివారం బట్టలారేసే తాడుతో
ఇదే దారి ఎక్కిన మనిషి.

నా పని కింద నిలబడటం.
మెడ నొప్పెట్టేదాకా అతని మడమలు చూడటం.
"తాడు వదులు, ఓర్ట్రూన్!"
వదిలాను.
రెండో ఉంగరం దాటాడు.
ఇంకో మూడు బారలు.
పైన రేకుపెట్టెలో పుస్తకం, పెన్సిలు, ఒక ఖాళీ గీత.

అప్పుడు పడింది
నా కనురెప్ప మీద, ఒక్క చుక్క.

తడిసిన ఇసుకరాయి పచ్చి బాలింత.
బరువు మోపకూడదు.
మనం పడతామని కాదు, అది విరుగుతుందని.

అతను పైకి చూశాడు.
చాలాసేపు చూశాడు.
నేనేం అనలేదు. అనడానికి నాకేం హక్కు,
నా కాళ్ళు నేల మీద ఉన్నాయి.

ఎక్కడానికి కళ్ళుంటే చాలు,
దిగేటప్పుడు బొటనవేళ్ళే తడుముకోవాలి.
ఒక్కో ముడీ ఊడదీసుకుంటూ,
మెడలో వేసుకుంటూ వచ్చాడు.
మేనత్త ముడి మాత్రం రాలేదు.
పుల్లతో పొడిచాడు, బతిమాలాడు, తిట్టాడు.
రాలేదు.

సత్రంలో బంగాళదుంప సూపు
రెండు గిన్నెలు మాట్లాడకుండా తాగి
"ఉప్పు తక్కువైంది" అన్నాడు.
అతని గోళ్ళలో పసుపురంగు ఇసుక.

రాత్రంతా వాన.
ఆ పగుల్లో జనపనార నాని, ఉబ్బి,
పీటముడై బిగుసుకుంటూ ఉంటుంది.
అప్పులవాడి దారి కదా,
ఊరికే పంపదు,
ఏదో ఒకటి తాకట్టు పెట్టించుకుంటుంది.

మూడు రోజులు ఎండ కాయాలి.
అందాకా వీలాండ్
ఎవరిదో కుర్చీకి నాలుగో కాలు బిగిస్తూ
కిటికీలోంచి మబ్బును చూస్తుంటాడు.