ఒకటికెంచి

మా ఊర్ల ఈతచెట్లు ఎండి ఏడేండ్లాయె.
దుకాణంల సీసాలకు మాత్రం
ఒక్కనాడన్న నాగా లేదు.
అప్పుడే తెల్వాల్సుండె.

సీసల ఉన్నది చెట్టు కాదు, తెల్లపొడి అన్నది
పాలమూరు దవాఖాన్ల నర్సమ్మ.
నాకు పొడి గిడి ఏం తెల్సు?
నాకు తెల్సింది నిద్ర.
ఇరవై రూపాలకు దొరికే నిద్ర,
తట్ట దించినంక మెడల నరాలన్ని
ఊడదీసి పక్కకు వెట్టే నిద్ర,
పక్కల పిడుగువడ్డా కదలని నిద్ర.

బందువెట్టి ఇయ్యాలకు ఆరో దినం.
గోడ మీద చీమలు బారుగట్టినయి.
చీమల్లేవంటది పక్క మంచం తాయమ్మ,
ఆమెకు తేళ్లు కనవడుతున్నయట.
జల్లెడ వట్టినట్టు ఆడుతున్నయి చేతులు.
ఉత్తగనే గుండె ఉరుకుతది,
ఎవలో తలుపు కొట్టవోతున్నట్టు.
కొట్టరు.
గదే భయం.

పొద్దుమీకి నస్రీన్ మేడమొచ్చి
ఊపిరి లెక్కవెట్టుమన్నది, పది దాక.
తప్పితే మల్ల ఒకటికెంచి.
నవ్వొచ్చింది నాకు.
పుణెల, బొంబైల పద్దెనిమిదేండ్లు తట్టలు లెక్కవెట్టిన.
ఒక్క తట్ట తప్పితే
పూట కూలి కోసెటోడు మేస్త్రి.

ఒకటి.
రెండు.
మూడు, దుకాణం ముంగట ఎర్ర కుర్చీ, నేను కూసునేది.
ఒకటి.
రెండు, ఖాతాల ఇంక నూటపది సీసాల బాకీ.
ఒకటి.
ఒకటి.
ఎవ్వలు కూలి కోస్తలేరు.
ఎన్నిసార్లు తప్పినా
ఒకటి గట్లనే కూసోనున్నది నాకోసం.

రెండుగొట్టంగ కర్నూలు దిక్కు బండి కూసింది.
దాని ఎనక జెర్రంత దూరం పొయ్యిన ఊపిరి
మల్ల ముక్కులకొచ్చి సల్లగ ఆగింది.
ఐదు.
ఆరు.
ఏడు యాదికి లేదు.

నిద్ర అననుగానీ కునుకు.
గంటనో, అంతకన్న తక్వనో.
నడుమ తాయమ్మ నీళ్లడిగింది,
గొంతెత్తి గూడ కాదు, గొణిగినట్టు.
నాకు ఇనవడ్డది.
లేసి, ఆడే చేతులతోనే,
సగం కింద వోసుకుంట గిలాస ఇచ్చిన.

గప్పుడు గూసున్న మంచం మీద.
ఇరవై రూపాల నిద్రల నేనుంటే
నా బిడ్డ చంద్రకళ
ఎన్ని రాత్రులు నీళ్లడిగిందో.

గది లెక్కవెట్టుమని మేడం ఇంక చెప్పలే.
చెప్పకముందే షురువైంది.

ఒకటి.