ఆవం పనిచేయదు

స్టోక్‌లో మనుషులు
హోటల్లో కూర్చోగానే పళ్ళెం తిరగేసి చూస్తారు,
అడుగున ఎవరి ముద్ర ఉందోనని.
బస్సులో పక్కన కూర్చున్న ముసలావిడ చెప్పిందీ సంగతి.
ఆ మాట పట్టుకునే చేరాను కాలేజీలో,
నలభై ఒకటో ఏట,
వారానికి మూడు రాత్రులు పార్సిల్ గోదాములో
అట్టపెట్టెలకు టేపు అంటించి
దాచిన డబ్బుతో.

మట్టి ఊరు గదా అనుకున్నాను.
కాలవ ఒడ్డున సీసాల్లా నిలబడ్డ పాత ఆవాలు
(పోపులో చిటపటలాడేవి కాదు,
కుండలు కాల్చేవి).
వాటిలోంచి పొగ రాక ఎన్నేళ్ళయిందో
ఎవరూ అడగరు.

మొదటి రోజు మట్టి ఇవ్వలేదు, ఫారం ఇచ్చారు.
జారిపడితే ఎవరిది బాధ్యతో నాలుగు పేజీలు.
వర్క్‌షాపు తలుపు మీద కాగితం:
"ఆవం పనిచేయదు. విడిభాగం రావాలి."
అక్టోబరులో ఆ కాగితం తెల్లగా ఉంది.
జనవరికి మూల చుట్టుకుపోయింది.
ఈస్టర్‌కి ఎవరో దాని మీద మీసాల పిల్లిని గీశారు.
ఆ ఏడాది మొత్తంలో
నాకు నచ్చిన బొమ్మ అదొక్కటే.

హిలరీ మేడమ్ గురువారం వచ్చేది.
మనిషికి పదిహేను నిమిషాలు.
"మట్టిని ముట్టుకునే ముందు మట్టిని ప్రశ్నించు" అనేది.
ప్రశ్నించాను.
మూడు వేల పదాలు రాశాను, అడుగున ఆధారాలతో సహా.
ఈలోపు బల్ల కింద సంచిలో
నేను కొన్న పన్నెండు కిలోల మట్టి
ఎండి రాయైపోయి
తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొచ్చింది.

కప్పుకి చెవి ఎలా అతకాలండీ, అనడిగాను ఒకసారి.
ఫోన్లోంచి తలెత్తి చూసింది,
పేరంటంలో చీర ధర అడిగినదాన్ని చూసినట్టు.
"చెవి అవసరమా?" అంది.

అతకడం నేర్పింది బాగ్నల్.
టెక్నీషియన్. వారానికి రెండు రోజులకి కుదించారాయన్ని.
వాళ్ళమ్మ కార్ఖానాలో ముప్పై ఏళ్ళు
చెవులే అతికిందట, రోజుకి నలభై డజన్లు.
తలుపు దగ్గరి నా రాయిని పగలగొట్టి
బకెట్లో నానబెట్టాడు.
మర్నాటికి అది మళ్ళీ మట్టి.
"ఇక్కడ గీరు, ఇక్కడ బంక,
ఇప్పుడు ఊపిరి బిగబట్టు."
నాకు జరిగిన చదువు అదే,
పదకొండు నిమిషాలు.

మే నెలలో పరీక్ష.
ఇరవై నాలుగు కప్పులు, అన్నీ పచ్చివే,
తెల్ల బల్ల మీద వరసగా పెట్టాను
క్షమాపణ చెబుతున్నట్టు.
ముగ్గురొచ్చారు. చుట్టూ తిరిగారు.
"కాల్చకుండా వదిలేయడం! ఎంత తెగువ" అన్నారు.
"నీళ్ళను నిరాకరించే పాత్ర" అన్నారు.
ఒకాయన దుర్బలత్వం అనే మాట నాలుగుసార్లు వాడాడు,
లెక్కపెట్టాను.
కాల్చే దిక్కు లేక అలా ఉన్నాయండీ, అన్నాను.
నవ్వారు. అదీ కళలో భాగమే అనుకున్నారు.
డెబ్బై రెండు మార్కులేశారు.

తక్కువేస్తే ఏడ్చి తేలికపడేదాన్ని.
కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు.
ఇక్కడ గుదియ కూడా ఎవరూ ఎత్తలేదు.
మెచ్చుకున్నారు, అంతే.

ఆ రాత్రి ఒక కప్పులో నీళ్ళు పోసి చూశాను.
కాసేపు ఆగింది. పాపం, ప్రయత్నించింది.
తర్వాత మోకాళ్ళు మడిచినట్టు
సింకులో చతికిలబడింది.

జూన్‌లో బాగ్నల్ ఉద్యోగం పూర్తిగా పోయింది.
పోతూ పోతూ ఓ కప్పు తువ్వాల్లో చుట్టుకెళ్ళాడు.
పెరటి షెడ్డులో ఆయనకో చిన్న ఆవం ఉందట.
రెండు వారాలకి గోదాము గేటు దగ్గర
పాత పేపర్లో చుట్టిన పొట్లం.
చీటీ లేదు.

తిరగేసి చూశాను.
అడుగున నా పేరు లేదు, వేయడం మరిచాను.
ఆయన పేరూ లేదు.

టీ పోసుకున్నాను.
చెవి గట్టిగానే ఉంది,
దాని పక్కన వెంట్రుకంత పగులు,
అక్కణ్ణించి ఒక్కో చుక్క.
కింద సాసరు పెట్టుకుని
తాగుతున్నాను.