సర్వే నంబరు 117/3

గన్నవరం అక్విడక్టు దిగగానే
జిరాక్సు, లామినేషన్, ఫోన్ రిపేరు. మూడూ నా షాపే.
రాత్రి షట్టరు సగం దించాక
నాలుగోది మొదలవుతుంది.

యాప్ అక్కర్లేదు, బ్రౌజర్ చాలు.
నల్ల అంచు చతురస్రం ఒకటి ప్రింటు తీసి
కెమెరా చూపిస్తే
కాగితం మీద అరటిగెల మొలుస్తుంది.
మొదటి వారం తలకిందులుగా మొలిచింది,
ఎక్కడో ఒక మైనస్ మర్చిపోయాను.
గెల అంటే తలకిందులేగా అని
చూసినవాళ్ళెవరూ పట్టుకోలేదు.

కిటుకులు అరటిబోదె మరకల్లాంటివి,
ఒకసారి అంటుకుంటే ఉతికినా పోవు.
లామినేషన్ చేస్తే గుర్తు మెరుస్తుంది, కెమెరా గుడ్డిదవుతుంది
(మూడేళ్లుగా అదే అమ్ముతున్నా, నాకే తెలీదు).
తాళం బొమ్మ లేని అడ్రసుకి అది కన్ను తెరవదు.
లంకలో సిగ్నలుండదు కాబట్టి
పేజీని ముందే ఫోను పొట్టలో దాచాలి,
ఏరు దాటేవాడు చద్దన్నం మూట కట్టుకున్నట్టు.
ఆకుకి వెయ్యి ముక్కలొద్దు, పన్నెండు చాలు.
ఏడువేల రూపాయల ఫోనుకి
కాస్త దూరం నుంచి అన్నీ ఆకులే.

బొంతు ఏసుపాదం డిస్‌ప్లే మార్పించుకోడానికొచ్చి
బల్ల మీద గెలని చూశాడు.
"గెల వత్తే తోట రాదేంటండే?"
వస్తుందన్నాను.
"ఎకరం ముప్పావు?"
వస్తుంది.
"మాదే?"
జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు.
పాస్‌బుక్కు. సర్వే నంబరు 117/3.
నాలుగు దిక్కులా హద్దులు రాసున్నాయి,
నాలుగు హద్దులూ ఇప్పుడు ఏరే.
వైనతేయ కోసుకుపోయి తొమ్మిదేళ్లు.
కాగితం మాత్రం తడవలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక పడవెక్కాం.
"అదిగో, ఆ సుడి ఉందే, అక్కడ మా మోటారు."
ఫోను ఎత్తాను.
కెమెరా వాడుకోవచ్చా అని పేజీ అడిగింది.
"పర్లేదే. అడుగుతాది" అన్నాడు.

అది ముందు నేల కోసం వెతుకుతుంది.
చదునైనదేదైనా సరే, కాసేపు కదలకుండా ఉంటే
పట్టుకోడానికి నాలుగు చుక్కలు చాలు.
నీళ్ళలో చుక్కలు లక్ష.
ఒక్కటీ రెండో క్షణానికి అక్కడుండదు.
చక్రం తిరిగింది, ఇంకా తిరిగింది,
చివరికి నేనే రాసిన వాక్యం వచ్చింది,
షాపులో కూర్చుని, ఇంగ్లీషు ఎందుకులే అని
తెలుగులో రాసిన వాక్యం:
నేల కనిపించడం లేదు. మరోసారి ప్రయత్నించండి.
ఏసుపాదం చదివాడు,
కూడబలుక్కుంటూ, గట్టిగా.

నాకేం చెయ్యాలో తోచక
సంచిలోంచి నల్ల చతురస్రం తీసి
పడవ ముక్కు మీద పరిచాను.
ఒక మూల లంగరు రాయి, ఒక మూల క్యారేజీ,
మిగతా రెండూ నా మోకాళ్ళు.
పొలం లేచింది.
అరటి, దాని నీడన కంద, గట్టున మునగ,
ఆయన చెప్పినవే, ఒక్కో ఆకూ పన్నెండు ముక్కలు.
తెడ్డు వేస్తే గట్టు ఊగింది.
పడవ తిరిగితే తోటంతా తిరిగింది,
రేవు వైపు మళ్ళితే
మాతోపాటే రేవుకి వచ్చేస్తోంది.

"ఇది తప్పండి" అన్నాను. "పొలాన్ని పడవకి కట్టేశా,
అక్కడికి కట్టాలి. రెండు లైన్లే, మార్చేస్తాను."
ఏసుపాదం తెడ్డు నీళ్ళలోంచి తీసి పట్టుకున్నాడు.
చుక్కలు కారుతున్నాయి.
"ఉంచండమ్మా.
కంద మాత్రం మరీ ఒత్తుగా ఏసేశారు.
మేం ఇంకాస్త ఎడం పెట్టేవోళ్ళం."

అప్పుడే మబ్బు కమ్మింది, గుర్తు మసకేసింది,
పొలం రెండుసార్లు వణికి పోయింది.
ఆయన మళ్ళీ తెడ్డు వేశాడు.

రాత్రి కందకి ఎడం పెంచాను,
పాయింట్ నాలుగు నుంచి పాయింట్ ఆరుకి.
పొలాన్ని అక్కడికి కట్టే రెండు లైన్లు కూడా రాసి
వాటి ముందు రెండేసి ఏటవాలు గీతలు పెట్టాను.
అలా పెడితే లైను పనిచెయ్యదు.
ఫైల్లో మాత్రం ఉంటుంది.