కోత వేళ

పగలంతా తిట్లు తినే ఉద్యోగం నాది.
కరెంటు ఆఫీసులో హెడ్‌ఫోను తగిలించుకుని
"ఫిర్యాదు నంబరు రాసుకోండమ్మా" అంటుంటాను.
కేప్‌టౌన్ చీకటికంతా నేనే పూచీ అన్నట్టు
నిలదీస్తారు జనం.

శనివారం సెలవు.
అక్క కొడుకు లుఖో చెయ్యి పట్టుకుని
పాత వేధశాల మెట్లెక్కాను.
ఒకప్పుడు ఓడలకి వేళ చెప్పిన చోటు.
ఇప్పుడు చుట్టూ ఊరు, ఆసుపత్రి, హైవే దీపాలు.
ఆకాశం పల్చటి మజ్జిగలా తెల్లబోయి ఉంది.

గుమ్మటం కింద పదిహేనుమందిమి.
డెబ్బై దాటిన అబ్రహామ్స్ గారు తాడు లాగితే
పైకప్పు మూలుగుతూ జరిగింది.
ఇత్తడి గొట్టం చివర గురుడు, బఠాణీ గింజంత.
"పిన్నీ, అది కదుల్తోంది!"
"కదిలేది మనం బాబూ" అన్నాడాయన.
ఎన్ని వందలసార్లు అన్నాడో ఆ మాట,
అయినా ఇప్పుడే తెలిసినట్టు.

పదింటికి పోయింది.
కోతల పట్టిక నాకు నోటికొచ్చు,
అయినా ఉలిక్కిపడ్డాను.
ముందు హైవే, తర్వాత ఆసుపత్రి వెనక వీధులు,
ఒక్కో పేటా ఆరుతూ ఆరుతూ
కొండ అంచుదాకా.
ఎవరో తిట్టు మొదలుపెట్టి
సగంలో మింగేశారు.

పచ్చిక మీదికొచ్చాం.
ఇందాకటి మజ్జిగలోంచి పాలపుంత తేలింది.
చప్పట్లు.
తొమ్మిదేళ్ళ నౌకరీలో
కరెంటు పోతే చప్పట్లు వినడం ఇదే మొదలు.
నా పనేదో నలుగురూ మెచ్చినట్టు
సిగ్గేసింది.

సముద్రం వైపు, కిందుగా, ఇసిలిమెలా:
గుప్పెడు చుక్కల గుంపు.
మా తాత ఏళ్ళు లెక్కపెట్టుకున్నది వాటితోనే.
జూన్ తెల్లవారుజామున అవి తిరిగొస్తే
ఒక ఏడు.
గనిలో పనిచేసిన పదకొండేళ్ళూ
తెల్లవారుజాములన్నీ భూమి కిందే గడిచాయి.
"అవి నా లెక్కలో లేవు" అనేవాడు.
ఆయన పోయాక
ఆసుపత్రి వాళ్ళు రాసిన వయసులోంచి
అమ్మమ్మ పదకొండు తీసేసింది.

లుఖో వేలాడిస్తూ లెక్కపెట్టాడు. ఆరు.
మళ్ళీ చూసి, ఏడు.
తనకి మూడే ఆనుతున్నాయని
అబ్రహామ్స్ గారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఎప్పుడొస్తుందో కరెంటు"
చీకట్లో ఎవరిదో గొంతు.
అలవాటుకొద్దీ నోరు తెరిచాను.
వేళ, నంబరు, క్షమాపణ
వరసగా నాలిక మీదే ఉన్నాయి.
"ఇంకా చాలాసేపుంది" అన్నాను.

పక్కన ఎవరో
హమ్మయ్య అన్నారు.